తెలిసిన మాట దగ్గరే ఆగండి

మీ పాస్‌పోర్టు బీరువాలోంచి తీసి, మొదట్లోనే రాష్ట్రపతి పేరిట అచ్చయిన విన్నపాన్ని ఒకసారి చదవండి. ఇది పట్టుకొచ్చినవారిని అడ్డు చెప్పకుండా పోనివ్వండి, అవసరమైతే సాయం చెయ్యండి అని సంబంధితులందరినీ కోరే వాక్యం అది. అందులో 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్' అనే ముక్క ఉంటుంది. హిండ్రన్స్ అంటే ఆటంకం. మరి లెట్? పోనివ్వడం, చెయ్యనివ్వడం అని చిన్న తరగతిలోనే నేర్చుకున్నాం. ఆ లెక్కన 'పోనివ్వకుండా, ఆటంకం లేకుండా' అని రావాలి. అర్థంపర్థం లేని వాక్యం! అయినా పాస్‌పోర్టు ఉన్నవాళ్లలో దీని దగ్గర ఆగినవాళ్లు బహు తక్కువ. లెట్ మనకు బాగా తెలిసిన మాట కదా, అందుకే కన్ను దాని మీద జారిపోతుంది.

నిజానికి పాత ఇంగ్లీషులో రెండు వేరువేరు క్రియలు ఉండేవి. లేటన్ అంటే వదిలిపెట్టడం, అనుమతించడం. లెట్టన్ అంటే అడ్డగించడం. వందల ఏళ్ల వాడుకలో చివర్లు అరిగిపోయి రెండూ 'లెట్' అనే ఒకే రూపానికి వచ్చి చేరాయి. ఒకే మాటకు ఎదురెదురు అర్థాలు. ఇలాంటప్పుడు చాలాసార్లు ఏదో ఒకటి తప్పుకుంటుంది. అడ్డగించే లెట్ తప్పుకుంది. తప్పుకునే ముందు షేక్‌స్పియర్ దాన్ని హామ్లెట్ చేత పలికించాడు. తండ్రి ప్రేతం వెంట వెళ్లబోతుంటే పట్టుకున్న స్నేహితుల్ని చూసి, తనను 'లెట్' చేసినవాణ్ణి కూడా ప్రేతాన్ని చేసేస్తానని బెదిరిస్తాడు హామ్లెట్. టెన్నిస్‌లో సర్వీసు బంతి నెట్‌కు తగిలి అవతల పడినప్పుడు వినిపించే 'లెట్' కూడా ఈ అడ్డంకి లెట్టేనని నిఘంటుకారులు చెబుతారు.

తెలియని పాతమాట ఎవర్నీ మోసం చెయ్యదు. తెలియదన్న సంగతి దాని మొహం మీదే రాసి ఉంటుంది, మనం నిఘంటువు తెరుస్తాం, పని అయిపోతుంది. మోసమంతా తెలిసిన మాటల్లో ఉంది. పాత ఇంగ్లీషు అంటే భయపడేవాళ్లు సాధారణంగా అక్కర్లేనిచోట భయపడి, భయపడాల్సినచోట ధీమాగా నడిచిపోతారు. ఈ అధ్యాయం ఆ అలవాటును తిరగెయ్యడానికే.

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. షేక్‌స్పియర్‌ది 'ఓల్డ్ ఇంగ్లీష్' అని మన కాలేజీల్లో అలవాటుగా అంటారు. భాషాశాస్త్రం లెక్కలో అది తప్పు. ఓల్డ్ ఇంగ్లీష్ అంటే సుమారు 450 నుంచి 1100 దాకా ఇంగ్లండులో నడిచిన భాష. బేవుల్ఫ్ కావ్యం అందులోది. దాని ఒకే ఒక్క రాతప్రతి దాదాపు వెయ్యేళ్ల నాటిది. 1731 అగ్నిప్రమాదంలో అంచులు కాలినా బతికి బయటపడి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. లండన్‌లో పుట్టి పెరిగినవాడైనా ఆ భాషను పరాయి భాష నేర్చినట్టు మొదట్నుంచీ నేర్చుకోవాల్సిందే. 1066లో నార్మన్లు గెలిచాక ఫ్రెంచి మాటలు వరదలా వచ్చిపడ్డాయి. 1400లో కన్నుమూసిన చాసర్ నాటికి ఉన్నది మిడిల్ ఇంగ్లీష్. షేక్‌స్పియర్ నాటకాలూ, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలూ తొలి ఆధునిక ఇంగ్లీషు కిందికి వస్తాయి. మనకు పనిపడేదంతా ఈ చివరిదానితోనే. డిగ్రీలో మాక్‌బెత్ చదివే విద్యార్థి అయినా, చర్చిలో ఇంగ్లీషు వాక్యం వినేవారైనా, ఇంగ్లీషు సేల్ డీడ్ మీద సంతకం పెట్టేవారైనా, డల్లాస్ నుంచి తమ్ముడికి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పంపే అన్నయ్య అయినా తలపడేది 400 ఏళ్ల నాటి భాషతోనే. అది ఇప్పటి ఇంగ్లీషులాగే కనిపిస్తుంది. అందుకే మోసం చేస్తుంది.

కింగ్ జేమ్స్ బైబిల్లో మార్కు సువార్త తీసుకోండి. హేరోదు ముందు నాట్యం చేసిన అమ్మాయి యోహాను తల కోరే ఘట్టం. ఆ తలను 'బై అండ్ బై' ఇమ్మంటుంది, అదీ 'ఇన్ ఎ చార్జర్' ఇమ్మంటుంది. తెలుగు బైబిలు చదివినవారికి అది పళ్లెమని ముందే తెలుసు. ఇంగ్లీషులో మొదటిసారి చదివే కుర్రాడికి మాత్రం ఫోను చార్జరే గుర్తొస్తుంది. అయితే ఈ చార్జర్ వల్ల ప్రమాదం లేదు. ఒకటో శతాబ్దంలో ఫోన్లేమిటని వాడే ఆగుతాడు. ప్రమాదం బై అండ్ బైతో ఉంది. ఈనాటి ఇంగ్లీషులో దానికి 'కొంతకాలానికి, నెమ్మదిగా' అని అర్థం. ఆ అమ్మాయి అడిగింది ఇప్పటికిప్పుడు ఇమ్మని. నెమ్మదిగా అని చదివినా వాక్యం నడిచిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కథలోని క్రూరత్వం మాత్రం సగానికి సగం తగ్గిపోతుంది.

వెంటనే అనే అర్థం ఉన్న ఇంగ్లీషు మాటల్లో చాలావాటికి ఇదే గతి పట్టింది. సూన్ అంటే మొదట్లో తక్షణం. ఎనాన్ అంటే తక్షణం. షేక్‌స్పియర్ నాటికి ప్రెజెంట్లీ అన్నా తక్షణమే. జనం 'ఇదిగో వచ్చేస్తున్నా' అంటూ ఆలస్యంగా వచ్చీ వచ్చీ ఆ మాటల్నే మెత్తబరిచేశారు. వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో సమయపాలన మీద ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు కానీ, అది ఇంకో అధ్యాయం సంగతి.

బైబిలు ఇంగ్లీషులో ఇలాంటివి మరికొన్ని. చిన్నపిల్లల్ని నా దగ్గరకు రానివ్వండి అని యేసు చెప్పేచోట 'సఫర్' అనే క్రియ ఉంటుంది. బాధపడటం కాదు, అనుమతించడం. 'ప్రివెంట్' అంటే ఆపడం కాదు, ముందుగా వెళ్లడం. 'కాన్వర్సేషన్' సంభాషణ కాదు, నడవడి. 'క్విక్' అంటే బతికి ఉన్నవాడు. గోరు కింది సున్నితమైన మాంసాన్ని ఇప్పటికీ క్విక్ అంటారు, అది ప్రాణమున్న భాగం కాబట్టి. 'మీట్' అంటే ఏ ఆహారమైనా సరే. మన ఊళ్లలో పాత మిఠాయి దుకాణాల బోర్డుల మీద 'స్వీట్‌మీట్స్' అని ఇప్పటికీ కనిపించడానికి కారణం అదే. శాకాహారులు కంగారుపడక్కర్లేదు.

షేక్‌స్పియర్‌లో అందరూ తప్పు చదివే మాట 'వేర్‌ఫోర్'. మేడ మీద నిలబడిన జూలియట్ రోమియో ఎక్కడున్నాడని వెతుకుతున్నట్టు సినిమాల్లో, కార్టూన్లలో, పెళ్లిళ్ల స్టేజీ మీద స్కిట్లలో చూపిస్తారు. వేర్‌ఫోర్ అంటే ఎందుకు. ప్రేమించినవాడు ఉండి ఉండి శత్రువుల ఇంటి పేరు పెట్టుకున్న రోమియోనే ఎందుకు కావాలి అని ఆమె ఏడుపు. ఈ ఒక్క మాట తప్పితే ఆ సన్నివేశంలో సమస్యే మారిపోతుంది.

ఒకచోట మాత్రం తెలుగువాళ్లకు లాభం ఉంది. 'నాకు వాడి మీద డౌట్' అంటాం మనం, వాడే చేసి ఉంటాడని అనుమానం అనే అర్థంలో. ఇంగ్లీషు టీచర్లు దీన్ని దిద్దుతారు. డౌట్ అంటే అలా జరిగి ఉండదనుకోవడం, జరిగి ఉంటుందని అనుమానించడానికి సస్పెక్ట్ వాడాలి అంటారు. ఈనాటి ఇంగ్లీషుకు టీచర్లదే ఒప్పు. కానీ తండ్రి ప్రేతం ఆయుధాలు ధరించి కనిపించిందని విన్న హామ్లెట్, ఇందులో ఏదో కుట్ర ఉందని 'డౌట్' పడతాడు. అచ్చం మనలాగే. అక్కడ ఇప్పటి లండన్ కుర్రాడు తడబడతాడు, తెనాలి కుర్రాడు తడబడడు.

నైస్ అనే మాట లాటిన్‌లో ఏమీ తెలియనివాడు అనే మాట నుంచి వచ్చి, మూర్ఖుడనే అర్థంతో మొదలై, 'మంచి' దాకా ఎదిగిందనీ, సిల్లీ అనేది ధన్యుడనే అర్థంతో మొదలై వెర్రివాడి దాకా దిగిందనీ చెప్పే ముచ్చట్లు మీరు వినే ఉంటారు. నిజమే, వినడానికి బాగుంటాయి. చదువుకు పెద్దగా అక్కరకు రావు. గుర్తుంచుకోవాల్సినవి ఇంకా చిన్నవి. 'స్టిల్' కనిపిస్తే 'ఎప్పుడూ' అని పెట్టి చూడండి. 'బట్' కనిపిస్తే 'మాత్రమే' అని పెట్టి చూడండి. 'ఫాండ్' కనిపిస్తే ప్రేమ అనుకోకుండా 'వెర్రి' అని పెట్టి చూడండి. 'బ్రేవ్' అంటే ధైర్యమే కానక్కర్లేదు, వైభవం కావచ్చు. 'వాంట్' కోరిక కాదు, లేమి. 'యాన్' ఒక్కోసారి 'అయితే గియితే' అనే 'ఇఫ్'. ఈ చిట్టిమాటలే పేజీకి పదిసార్లు వస్తాయి.

మరి పట్టుకోవడం ఎలా? మొదట పేరా మొత్తం కథ కోసం చదవండి. రెండోసారి చదివేటప్పుడు తెలియని మాటల్ని వదిలేసి, తెలిసిన మాటలున్నా అతకని వాక్యాన్ని వెతకండి. దోషి అందులో తెలిసిన మాటే. దాన్ని నిఘంటువులో చూడండి. అందులో మొదటి అర్థం చూసి మూసెయ్యకండి. చాలా మామూలు నిఘంటువులు ఇప్పటి వాడుకను ముందు పెడతాయి, పాత అర్థాలు కింద 'ఆర్కాయిక్', 'అబ్సొలీట్' అనే గుర్తుతో ఉంటాయి. ఆర్కాయిక్ అంటే పాతవాసన కోసం ఇంకా అప్పుడప్పుడు వాడేది. అబ్సొలీట్ అంటే పూర్తిగా పోయింది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ అయితే దీనికి తలకిందులు. పాత అర్థం ముందు, కొత్తది తర్వాత, ప్రతి అర్థానికీ ఏ సంవత్సరంలో ఎవరు వాడారో ఉదాహరణలు. దాని మొదటి భాగం 1884లో వచ్చింది, పని పూర్తయ్యేసరికి 1928 అయింది. మీరు చదివే పుస్తకం ఏ సంవత్సరానిదో చూసుకుని ఆ కాలపు అర్థం దగ్గరికి వెళ్లండి. షేక్‌స్పియర్‌కైతే సి.టి. ఆనియన్స్ 1911లో వేసిన పదకోశం ఉంది. డేవిడ్ క్రిస్టల్, బెన్ క్రిస్టల్ తండ్రీకొడుకులు 2002లో తెచ్చిన 'షేక్‌స్పియర్స్ వర్డ్స్' అంతకంటే తేలిక. బేవుల్ఫ్ దాకా పోవాలనుకునేవారికి బాస్వర్త్, టోలర్ల ఆంగ్లో శాక్సన్ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

'వంద పాత ఇంగ్లీషు మాటలు' అనే జాబితాలు బట్టీ పట్టకండి. వాటిలో సగం మీకు జన్మలో ఎదురుకావు. దానికి బదులు ఈనాటి మాటల్లో దాక్కున్న పాతవాటిని గమనించండి. రూత్‌లెస్‌లోని రూత్ అంటే జాలి. హ్యాప్ అంటే తలరాత, దైవికం. హ్యాపెన్, పర్‌హ్యాప్స్, మిస్‌హ్యాప్, ఆఖరికి హ్యాపీ కూడా దాని పిల్లలే. విట్ అంటే తెలుసుకోవడం. విట్‌నెస్ అంటే తెలిసినవాడు. ఈ విట్ మళ్లీ దస్తావేజుల దగ్గర పనికొస్తుంది.

దౌ, దీ, దై, దైన్ గురించి తెలుగువాళ్లకు పాఠం దాదాపు అక్కర్లేదు. దౌ అంటే నువ్వు, దీ అంటే నిన్ను, దై అంటే నీ. అచ్చుతో మొదలయ్యే మాట ముందు దై కాస్తా దైన్ అవుతుంది. యూ అంటే మీరు. మనకు లాగే ఇంగ్లీషులోనూ చిన్నవాళ్లను, చనువున్నవాళ్లను దౌ అనీ, పెద్దవాళ్లను యూ అనీ అనేవారు. అనకూడనివాణ్ణి దౌ అంటే తిట్టినట్టే. 1603లో వించెస్టర్‌లో వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ కావాలనే అతణ్ణి దౌ అని ఏకవచనంలోకి దింపి అవమానించాడు. 'ట్వెల్ఫ్త్ నైట్'లో సర్ టోబీ, ద్వంద్వయుద్ధానికి పిలిచే ఉత్తరంలో ఎదుటివాణ్ణి రెండు మూడుసార్లు దౌ అని రాయమని స్నేహితుడికి సలహా ఇస్తాడు. కాబట్టి నాటకంలో యూ అంటున్న పాత్ర ఉన్నట్టుండి దౌ అందంటే ప్రేమైనా ముదిరింది, కోపమైనా ముదిరింది. క్రమేణా అందరూ అందరినీ మీరు అనడం మొదలుపెట్టి నువ్వును పోగొట్టుకున్నారు. మర్యాద చూపడం మనుషుల్ని విడదీస్తుందని నమ్మిన క్వేకర్లు మాత్రం చాలాకాలం దౌ, దీలను వదల్లేదు.

దేవుణ్ణి దౌ అంటారు కాబట్టి అది గౌరవవాచకమని ఇప్పటి ఇంగ్లీషువాళ్లే చాలామంది అనుకుంటారు. సరిగ్గా వ్యతిరేకం. రాముణ్ణి నువ్వు అని పిలిచి, కోపమొస్తే నిలదీసిన రామదాసు సంకీర్తనలు విన్నవాళ్లకు ఈ విషయం చెప్పనక్కర్లేదు. ఒక హెచ్చరిక ఉంది. కింగ్ జేమ్స్ బైబిల్లో ఈ మర్యాద లెక్క వర్తించదు. హీబ్రూ, గ్రీకు మూలాలను అనుసరించి అక్కడ ఒక్కరైతే దౌ, ఎక్కువమందైతే యీ. రాజైనా దౌనే. ఇంకో యీ కూడా ఉంది. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో 'యీ ఓల్డ్ చెషైర్ చీజ్' అనే పబ్బు బోర్డులో ఉన్నది మీరు కాదు, మామూలు 'ది'. థార్న్ అనే పాత అక్షరం రాతలో వైలా మారిపోవడం, అచ్చువాళ్లు దాని స్థానంలో వైనే వాడటం వల్ల వచ్చిన రూపం అది.

క్రియలకు రెండే సూత్రాలు. దౌ వెనక -ఎస్ట్ వస్తుంది. కొన్ని మాత్రం ఆర్ట్, హ్యాస్ట్, విల్ట్, షాల్ట్ అని సొంత రూపాల్లో ఉంటాయి. అతడు, ఆమె, అది వెనక -ఎత్ వస్తుంది. డత్, హ్యాత్, సెయిత్ ఆ కోవలోవే. నేను అనేదానికి ఎత్ తగిలించకూడదు. ఆహ్వాన పత్రికల్లో, కాలేజీ మ్యాగజైన్లలో ప్రతి క్రియకూ ఎత్ అతికించి పాతకాలపు హుందాతనం వచ్చిందనుకునేవాళ్లు ఉన్నారు. వద్దు. బ్రిస్టల్‌కు చెందిన థామస్ చాటర్టన్ అనే కుర్రాడు ఇలాగే నిఘంటువుల్లోంచి పాతమాటలు ఏరి పద్యాలల్లి, అవి 15వ శతాబ్దంలో రౌలీ అనే మతాచార్యుడు రాసినవని లోకాన్ని నమ్మించాడు. అతనికి ప్రతిభ నిజంగానే ఉంది, 1770లో 17 ఏళ్లకే చనిపోయాడు. కానీ పండితులు ఆ మాటల వ్యాకరణం, వాటి మూలం చూసి గుట్టు విప్పారు. 1871లో స్కీట్ అనే పండితుడు ఆ మాటలు ఏ నిఘంటువు నుంచి వచ్చాయో కూడా చూపించాడు. చాటర్టన్‌కే దాగనిది మన పెళ్లిపత్రికలో దాగదు. పాత ఇంగ్లీషు చదవడానికి నేర్చుకోండి, రాయడానికి కాదు.

ఇక దస్తావేజులు. ఇక్కడ తప్పు చదివితే పోయేది మార్కులు కాదు. ఇక్కడ కూడా తెలుగు మనకు తాళంచెవి చేతిలో పెట్టింది. మనకు ఇ, అ, ఎ ఉన్నట్టే వాళ్లకు హియర్, దేర్, వేర్. ఇటు, అటు, ఎటు అనేవి హిదర్, దిదర్, విదర్. ఇక్కణ్ణుంచి, అక్కణ్ణుంచి, ఎక్కణ్ణుంచి అనేవి హెన్స్, దెన్స్, వెన్స్. ఇది పట్టుబడితే లీగల్ ఇంగ్లీషులో సగం మాటలు వాటంతటవే విడిపోతాయి. హియర్‌బై అంటే దీని మూలంగా. దేరాఫ్ అంటే దాని యొక్క. హియరినాఫ్టర్ అంటే ఈ పత్రంలో ఇక మీదట. హియర్‌టుఫోర్ అంటే ఇంతవరకు. హియర్ అన్నది ఈ పత్రాన్నీ, దేర్ అన్నది ఇంతకుముందు చెప్పిన వస్తువునూ సూచిస్తుంది. చివర ఇంగ్లీషు 'e' అక్షరం లేకుండా 'దేర్‌ఫర్' అని కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి, అది 'దానికోసం' అనే వేరే మాట.

'విట్‌నెసెత్' అంటే ఈ పత్రం సాక్ష్యమిచ్చునది ఏమనగా. 'టు విట్' అంటే అనగా. 'సెడ్', 'అఫోర్‌సెడ్' రెండూ మన పత్రాల్లోని సదరు. జీపీఏ మొదట్లో 'బై దీజ్ ప్రెజెంట్స్' అని ఉంటే అక్కడ బహుమతులేవీ లేవు, ప్రెజెంట్స్ అంటే ఈ పత్రమే. కింద 'హ్యాండ్' అంటే సంతకం. పాత ఆఫీసు ఉత్తరాల్లో తేదీ పక్కన ఇన్‌స్టంట్ అంటే ఈ నెల, అల్టిమో అంటే గత నెల, ప్రాక్సిమో అంటే వచ్చే నెల. పాత భూముల ఫైళ్లలో ఒక్క అల్టిమోను తప్పుగా చదివితే గడువు లెక్క నెల తేడా వస్తుంది. 'విల్ అండ్ టెస్టమెంట్', 'గూడ్స్ అండ్ చాటెల్స్' లాంటి జంటల్లో ఒకటి ఇంగ్లీషు మాట, రెండోది ఫ్రెంచి, లాటిన్‌ల నుంచి వచ్చినది. రెండింటికీ రెండు వేరే హక్కులున్నాయని వెతుక్కోకండి.

ఈ మాటల్లో కొన్నిటిని ఇంగ్లండే వదిలించుకుంది. 1999లో అమల్లోకి వచ్చిన అక్కడి సివిల్ కోర్టుల నియమాలు 'ప్లెయింటిఫ్'ను తీసేసి 'క్లెయిమెంట్' అని పెట్టాయి. మన 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ప్లెయింటిఫ్ అలాగే ఉన్నాడు. ఉంటే ఉన్నాడు. మీ సేల్ డీడ్‌లో విట్‌నెసెత్ లేనంత మాత్రాన అది చెల్లకుండా పోదు. ఆస్తి వివరం, హద్దులు, ధర, సంతకాలు, సాక్షులు, స్టాంపు, రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉన్నాయా అన్నదే చూడాలి. డాక్యుమెంట్ రైటర్ ముసాయిదా చూపించినప్పుడు అర్థం కాని మాట కింద, అర్థమైనట్టే ఉండి అతకని మాట కింద కూడా గీత గీసి అడగండి. ఆయనకూ తెలియకపోతే లాయరుకు చూపించి తేలిక మాట పెట్టించండి, లేదా మొత్తం తెలుగులోనే రాయించండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తెలుగు దస్తావేజు కూడా రిజిస్టరవుతుంది.